‘మందు’ అనే మాటకు మూడర్థాలు: క్లోరల్ హైడ్రేట్ చరిత్ర – సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం

వ్యాససంగ్రహం:

క్లోరల్ హైడ్రేట్ క్లోరిన్ కలిగిన ఒక ఆల్కహాలు సమ్మేళనం. 1832లో జర్మనీలోని ఒక ప్రయోగశాలలో పుట్టిన ఈ పదార్థం నిద్రమందుగా, డీడీటీ అనే పురుగుమందుకు ముడిపదార్థంగా, చివరకు తెలంగాణలో కల్లులో కలిపే మత్తుపదార్థంగా మూడు జీవితాలు గడిపింది. తెలుగులో ‘మందు’ అనే ఒక్క మాట ఔషధానికీ, పురుగుమందుకూ, మద్యానికీ వాడుకలో ఉంది. ఈ మూడర్థాల క్రమంలోనే క్లోరల్ హైడ్రేట్ చరిత్రను, దాని రసాయనిక ధర్మాలను, సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతపు సామాజిక నేపథ్యాన్ని కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కల్తీ కల్లు సమస్యను కేవలం నేరచరిత్రగా కాక, ఒక రసాయనం గురించిన జ్ఞానం ఎవరి దగ్గర ఆగిపోయింది, ఎవరికి చేరలేదు అనే కోణంలో చూడవలసి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్లోరల్ హైడ్రేట్, ట్రైక్లోరోఇథనాల్, మందు, మత్తు, కల్లు, గీత వృత్తి, ఆబ్కారీ, పటాన్‌చెరు, సంగారెడ్డి, అల్ప్రజోలం.

1. ప్రవేశిక

ఒక ప్రాంత చరిత్రను రాజుల పేర్లతోనో, ఉద్యమాలతోనో, పంటలతోనో చెప్పడం మనకు అలవాటు. ఒక రసాయన పదార్థాన్ని ఆధారంగా చేసుకొని చెప్పడం అరుదు. కాని పటాన్‌చెరు వంటి ప్రాంతం విషయంలో ఆ పద్ధతి అవసరమవుతుంది. శాసనాలలో పొట్టలకెరెగా కనిపించే ఈ ఊరు మధ్యయుగంలో జైన కేంద్రంగా పేరుపొందింది. 1970ల తరువాత దీని పేరు వినగానే గుర్తుకు వచ్చేవి మందుల కర్మాగారాలు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, జిన్నారం, గడ్డపోతారం, ఖాజీపల్లి, బొంతపల్లి అనే ఊళ్ల పేర్లు ఇవాళ బల్క్ డ్రగ్ పరిశ్రమ చరిత్రలో భాగం. 2016 అక్టోబరు 11న మెదక్ జిల్లానుంచి విడివడిన సంగారెడ్డి జిల్లాలో ఈ ఊళ్లన్నీ ఉన్నాయి.

ఇదే జిల్లా పల్లెలలో ఈతవనాలు, తాటివనాలు, వాటిని నమ్ముకొన్న గీత కార్మికులు తరతరాలుగా ఉన్నారు. కర్మాగారంలో తయారయ్యేదాన్నీ ‘మందు’ అంటారు, సాయంత్రం దుకాణంలో దొరికేదాన్నీ ‘మందు’ అంటారు, పత్తిచేనుమీద కొట్టేదాన్నీ ‘మందు’ అనే అంటారు. ఈ మూడింటినీ ఒకే మాటతో పిలవడం భాషలోని అర్థవ్యాప్తికి ఉదాహరణ మాత్రమే అనుకోవచ్చు. అయితే ఈ మూడు అర్థాలనూ తన చరిత్రలో నిజం చేసిన పదార్థం ఒకటుంది. అది క్లోరల్ హైడ్రేట్.

ఈ వ్యాసంలో రసాయనశాస్త్ర, వైద్యశాస్త్ర చరిత్రలో స్థిరపడిన విషయాలను, ఆబ్కారీ వ్యవస్థకు సంబంధించిన చట్టాలను, ప్రజల వాడుకలోని పదజాలాన్ని ఆధారాలుగా తీసుకొన్నాను. కల్తీ ఏ పాళ్లలో జరుగుతుందనే వివరం ఈ పరిశీలనకు అవసరం లేదు. అందువల్ల దాని జోలికి పోలేదు.

2. సమ్మేళనం స్వరూపం – ధర్మాలు

‘క్లోరల్’ అనే పేరులోనే దాని పుట్టుక ఉంది. క్లోరిన్, ఆల్కహాల్ అనే రెండు మాటల ముక్కలు కలిపి ఈ పేరు కట్టారు. జర్మన్ రసాయనశాస్త్రవేత్త యూస్టస్ ఫాన్ లీబిగ్ గీసెన్ పట్టణంలోని తన ప్రయోగశాలలో ఇథైల్ ఆల్కహాలుమీద క్లోరిన్ వాయువు జరిపే చర్యను పరిశీలిస్తూ ఈ పదార్థాన్ని కనుగొన్నాడు. 1832లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. క్లోరల్ నూనెవంటి ద్రవం. అది నీటితో కలిసినప్పుడు రంగులేని స్ఫటికాలుగా మారుతుంది. ఆ స్ఫటికరూపమే క్లోరల్ హైడ్రేట్.

దీని అణువులో రెండు కర్బన పరమాణువులు ఉంటాయి. ఒకదానికి మూడు క్లోరిన్ పరమాణువులు, రెండవదానికి రెండు హైడ్రాక్సిల్ సమూహాలు అతుక్కొని ఉంటాయి. సాధారణంగా ఒకే కర్బనానికి రెండు హైడ్రాక్సిల్ సమూహాలున్న సమ్మేళనం నిలకడగా ఉండదు; నీటిని వదిలి ఆల్డిహైడుగా మారిపోతుంది. ఇక్కడ మూడు క్లోరిన్ పరమాణువులు ఎలక్ట్రానులను తమవైపు లాక్కోవడంవల్ల ఆ నిర్మాణం చెదరకుండా నిలుస్తుంది. రసాయనశాస్త్ర పాఠ్యగ్రంథాలలో క్లోరల్ హైడ్రేటును ప్రత్యేకంగా ప్రస్తావించడానికి ఇదొక కారణం.

ఈ పదార్థం సుమారు 57 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. ఘాటైన వాసన, చేదు రుచి కలిగి ఉంటుంది. నీటిలో చాలా సులువుగా కరుగుతుంది. క్షారంతో చర్య జరిపినప్పుడు విడిపోయి క్లోరోఫాంను ఇస్తుంది. ఇక్కడ చెప్పిన ధర్మాలలో మూడు దీని తరువాతి చరిత్రను నిర్ణయించాయి. నీటిలో కరగడంవల్ల ఏ పానీయంలోనైనా కలిసిపోతుంది. క్షారంతో క్లోరోఫాంను ఇవ్వడంవల్ల వైద్యుల దృష్టిలో పడింది. ముడిపదార్థాలు ఆల్కహాలు, క్లోరిన్ కావడంవల్ల చవకగా తయారవుతుంది.

శరీరంలోకి వెళ్లిన తరువాత జరిగే మార్పు మరింత ముఖ్యమైనది. కాలేయంలోనూ ఇతర కణజాలాలలోనూ ఉండే ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము దీన్ని ట్రైక్లోరోఇథనాల్ అనే క్లోరిన్ ఆల్కహాలుగా మారుస్తుంది. నిద్ర తెప్పించేది ప్రధానంగా ఈ ట్రైక్లోరోఇథనాలే. మెదడులో ఉద్రేకాన్ని అణచే గాబా గ్రాహకాలమీద ఇది పనిచేస్తుంది. మద్యంలోని ఇథైల్ ఆల్కహాలును విరగ్గొట్టేది కూడా ఇదే ఎంజైము. అందువల్ల రెండూ కలిసి శరీరంలో చేరినప్పుడు ఒకదానివల్ల రెండవది బలపడుతుంది. ఆల్కహాలు విరిగే క్రమంలో పుట్టే పదార్థాలు క్లోరల్‌ను ట్రైక్లోరోఇథనాలుగా మార్చే వేగాన్ని పెంచుతాయి. ట్రైక్లోరోఇథనాల్ తన వంతుగా ఆల్కహాలు విరగడాన్ని ఆలస్యం చేస్తుంది. మత్తు రెట్టింపు కావడమే కాక శ్వాస మందగించే ప్రమాదం కూడా పెరుగుతుంది. కల్లులో ఈ పదార్థం ఎందుకంత ప్రమాదకరమైందో ఈ ఒక్క విషయంవల్ల తెలుస్తుంది.

3. మొదటి అర్థం: ఔషధం

క్లోరల్ హైడ్రేట్ పుట్టిన తరువాత 37 సంవత్సరాలపాటు ప్రయోగశాలకే పరిమితమైంది. 1869లో బెర్లిన్ వైద్యుడు ఆస్కర్ లీబ్‌రైక్ దీన్ని నిద్రమందుగా పరిచయం చేశాడు. ఆయన తర్కం సరళమైనది. క్షారంతో కలిస్తే ఇది క్లోరోఫాంను ఇస్తుంది; రక్తానికి స్వల్ప క్షారగుణం ఉంది; కనుక రక్తంలో నెమ్మదిగా క్లోరోఫాం పుట్టి నిద్ర వస్తుందని ఆయన ఊహించాడు. ఊహ తప్పు, ఫలితం మాత్రం నిజం. రక్తంలో క్లోరోఫాం పుట్టదు. నిద్ర తెప్పించేది ట్రైక్లోరోఇథనాల్ అని తరువాతి పరిశోధనలు తేల్చాయి. కృత్రిమంగా తయారుచేసిన నిద్రమందులలో క్లోరల్ హైడ్రేట్ మొదటిది. అంతకుముందు నల్లమందు, సారా తప్ప వైద్యుల చేతిలో పెద్దగా ఏమీ లేదు.

ఈ మందు ఐరోపా అంతటా వేగంగా వ్యాపించింది. మానసిక చికిత్సాలయాలలో, ఇళ్లలో విరివిగా వాడారు. దానితోపాటే వ్యసనం కూడా పెరిగింది. కవి, చిత్రకారుడు డాంటే గేబ్రియల్ రొసెట్టి దీనికి బానిసయ్యాడు. తత్త్వవేత్త నీషే నిద్రకోసం దీన్ని వాడాడు. భౌతికశాస్త్రవేత్త జాన్ టిండాల్ 1893లో పొరపాటున ఎక్కువ మోతాదు అందడంవల్ల మరణించాడు. 19వ శతాబ్ది ముగిసేనాటికే ‘క్లోరలిజం’ అనే మాట వైద్యగ్రంథాలలో స్థిరపడింది. మందు ఆపేస్తే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, భ్రాంతులు, మూర్ఛ వస్తాయనే విషయం అప్పటికే తెలుసు. ఈ తేదీని గుర్తుంచుకోవడం అవసరం. తెలంగాణలో అవే లక్షణాలతో మనుషులు ఆసుపత్రులకు చేరడం నూరేళ్లకు పైబడిన తరువాతి సంగతి.

క్లోరల్‌కు తోబుట్టువు వంటి క్లోరోఫాం చరిత్రలో హైదరాబాదుకు ప్రత్యేక స్థానం ఉంది. శస్త్రచికిత్సలో క్లోరోఫాం ఇచ్చినప్పుడు సంభవించే మరణాలకు గుండె ఆగడం కారణమా, శ్వాస ఆగడం కారణమా అనే వివాదం ఆనాడు తీవ్రంగా ఉండేది. రెసిడెన్సీ సర్జన్, హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి అయిన ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫాం కమిషన్, 1889లో రెండవ కమిషన్ పనిచేశాయి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇందుకు ధనసహాయం చేశాడు. రెండవ కమిషన్‌లో పాల్గొనడానికి లండన్‌నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. శ్వాసను కనిపెట్టుకొని ఉంటే చాలునన్నది కమిషన్ తేల్చిన సారాంశం. గుండెమీద కూడా క్లోరోఫాం నేరుగా ప్రమాదం కలిగించగలదని 20వ శతాబ్దిలో లీవీ చేసిన పరిశోధనలు రుజువు చేశాయి. కమిషన్ తీర్పు పూర్తిగా నిలవకపోయినా, ఒక మత్తుపదార్థం ఎలా ప్రాణం తీస్తుందనే ప్రశ్నను ఈ నగరం అంతర్జాతీయ స్థాయిలో అడిగిందన్నది వాస్తవం.

ఔషధంగా క్లోరల్ కుటుంబపు జీవితం ముగిసిపోలేదు. ట్రైక్లోరోఇథనాలుకు ఫాస్ఫేటు చేర్చి తయారుచేసిన ట్రైక్లోఫాస్ అనే సిరప్‌ను భారతదేశంలో చిన్నపిల్లలకు మెదడు, గుండె పరీక్షలు చేసే ముందు కదలకుండా నిద్రపుచ్చడానికి వాడుతున్నారు. మూలికల పొడులను సూక్ష్మదర్శినిలో చూసే ముందు కణజాలాన్ని పారదర్శకంగా చేయడానికి ఫార్మసీ కళాశాలల ప్రయోగశాలల్లో క్లోరల్ హైడ్రేట్ ద్రావణం ఇప్పటికీ అవసరమే. కనుక ఈ పదార్థం స్వభావరీత్యా విషమని తీర్మానించడం సరికాదు. ఎవరు, ఎవరికి, ఏ మోతాదులో, ఎవరి పర్యవేక్షణలో ఇస్తున్నారన్నదాన్నిబట్టి అది ఔషధమో విషమో అవుతుంది.

4. రెండవ అర్థం: పురుగుమందు

1874లో ఓత్మార్ జైడ్లర్ అనే విద్యార్థి క్లోరల్‌ను క్లోరోబెంజీనుతో చర్య జరిపించి ఒక కొత్త పదార్థాన్ని తయారుచేశాడు. దానివల్ల ప్రయోజనమేమిటో అప్పుడెవరికీ తెలియదు. 1939లో స్విట్జర్లాండు శాస్త్రవేత్త పాల్ మ్యూలర్ దాని కీటకసంహార గుణాన్ని కనుగొన్నాడు. అదే డీడీటీ. ఇందుకు ఆయనకు 1948లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ ఘట్టానికీ హైదరాబాదు ప్రాంతంతో సంబంధం ఉంది. దోమల ద్వారా మలేరియా వ్యాపిస్తుందనడానికి కీలకమైన ఆధారాన్ని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు పరిసరాల్లోని బేగంపేటలో కనుగొన్నాడు. శత్రువు దోమ అని అక్కడ తేలింది. ఆ దోమను చంపే ఆయుధం క్లోరల్‌నుంచి వచ్చింది. భారత ప్రభుత్వం 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. 1954లో డీడీటీ ఉత్పత్తికోసం హిందుస్థాన్ ఇన్‌సెక్టిసైడ్స్ సంస్థను నెలకొల్పింది. ఇళ్ల గోడలమీద ‘మందు కొట్టడానికి’ సిబ్బంది రావడం ఆ తరంవారికి బాగా తెలిసిన దృశ్యం. పర్యావరణంలో దీర్ఘకాలం నిలిచిపోవడం, ఆహారంలోకి చేరడం వంటి కారణాలతో 1989లో దేశంలో వ్యవసాయంలో డీడీటీ వాడకాన్ని నిషేధించారు.

ఈ రెండవ అర్థంలో ‘మందు’ మనిషి తాగేది కాదు, మనిషిని కాపాడేది. కాని ఒక తరానికి రక్షణగా కనిపించిన పదార్థం తరువాతి తరానికి అవశేషంగా మిగలవచ్చునన్న పాఠం ఇక్కడే మొదలైంది. పటాన్‌చెరు పారిశ్రామిక వాడ ఆ పాఠాన్ని మరో రూపంలో నేర్చుకోవలసి వచ్చింది.

5. మూడవ అర్థం: కల్లు

5.1. చెట్టు కల్లు – ఆబ్కారీ

ఈత, తాటి చెట్లనుంచి తీసే రసం మొదట తియ్యగా ఉంటుంది. గాలిలోని ఈస్టులవల్ల కొన్ని గంటలలోనే పులిసి కల్లవుతుంది, మరునాటికి పుల్లబడుతుంది. పులిసిన కల్లులో ఆల్కహాలు శాతం తక్కువ, సుమారు బీరుతో సమానం. చెట్టు కల్లును ఎక్కువ కాలం నిల్వ ఉంచలేరు, దూరం తీసుకుపోలేరు. ఎన్ని చెట్లు గీస్తే అంత కల్లు. మోకు, ముస్తాదు, గీతకత్తి, లొట్టి అనే పనిముట్లతో, ప్రాణాలకు తెగించి చెట్టెక్కే గౌడుల నైపుణ్యమే దీనికి మూలధనం. బోనాల పండుగలో అమ్మవారికి సాక పోయడానికి, చావు పుట్టుకల వేడుకలకు కల్లు అవసరం. అలసిన శ్రామికుడికి అది సాయంత్రపు పానీయం.

నిజాం రాష్ట్రంలో ఆబ్కారీ ఆదాయం ఖజానాకు ముఖ్యమైన వనరు. ఫసలీ 1316లో వచ్చిన హైదరాబాదు ఆబ్కారీ చట్టం చెట్టుమీద, అమ్మకంమీద ప్రభుత్వ అధికారాన్ని క్రమబద్ధం చేసింది. చెట్టు ఎవరి పొలంలో ఉన్నా దాన్ని గీసే హక్కు ఆబ్కారీ శాఖ అనుమతితో ముడిపడింది. వేలంపాటల ద్వారా హక్కులు పొందిన కంట్రాక్టర్లు దుకాణాలను నడిపారు. చెట్టెక్కేవాడు కూలివాడుగా మిగిలాడు. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చింది. ఆ తరువాతి కాలంలో గీత కార్మికుల సహకార సంఘాలు, ‘చెట్టు గీసేవాడికే చెట్టు’ అనే పథకం ఆ అసమానతను సరిచేయడానికి ఉద్దేశించినవి. అయితే అమ్మకపు లాభం, చెట్టెక్కే శ్రమ ఒకే చేతిలో ఉండేలా చేయడంలో ఆ సంస్కరణలు అన్నిచోట్లా విజయవంతం కాలేదు.

5.2. మందు కల్లు

చెట్టు ఇచ్చే రసానికి పరిమితి ఉంది. మార్కెట్టు కోరికకు లేదు. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోకి రసాయనం ప్రవేశించింది. నీరు, చక్కెర లేదా శాక్రిన్, నురగ వచ్చే పదార్థాలతో కల్లును పోలిన ద్రవాన్ని తయారుచేయవచ్చు. అయితే అందులో మత్తు ఉండదు. మత్తుకోసం 20వ శతాబ్ది చివరి దశాబ్దాలలో విరివిగా వాడినది క్లోరల్ హైడ్రేట్. నీటిలో కరుగుతుంది, చవక, చేదు రుచి తీపి, పులుపుల మాటున కప్పబడుతుంది. రెండవ విభాగంలో పేర్కొన్న ధర్మాలు ఔషధ తయారీలో ఎలా ఉపయోగపడ్డాయో కల్తీలోనూ అలాగే ఉపయోగపడ్డాయి. పానీయంలో క్లోరల్ కలిపి మనిషిని స్పృహ తప్పించడం కొత్త విషయం కాదు. చికాగోలోని ఒక మద్యశాల నిర్వాహకుడి పేరుమీద ‘మికీ ఫిన్’ అనే మాట 20వ శతాబ్ది మొదట్లోనే ఇంగ్లీషులోకి వచ్చింది. అక్కడ దోపిడీకోసం ఒక్కసారి చేసిన పని ఇక్కడ రోజువారీ వ్యాపారమైంది.

మద్యవిధానంలో వచ్చిన మార్పులు కూడా ఈ నేపథ్యంలో గమనించదగినవి. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన మహిళల ఉద్యమం ఫలితంగా 1993లో ఉమ్మడి రాష్ట్రంలో సారాను నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చి 1997లో సడలిపోయింది. ఆ చట్టం కల్లును మినహాయించింది. సారా దొరకని శ్రామికుడు కల్లు దుకాణంవైపు మళ్లడం, దుకాణదారు చెట్ల సంఖ్యతో నిమిత్తం లేకుండా సీసాల సంఖ్య పెంచడం సహజ పరిణామాలని భావించవచ్చు. హైదరాబాదు నగరంలో 2004లో మూతపడిన కల్లు దుకాణాలు 2014లో తిరిగి తెరుచుకొన్నాయి. నగరంలో చెట్లు లేవు, దుకాణాలున్నాయి. ఆ దూరమే కల్తీకి అనువైన చోటు.

5.3. పారిశ్రామిక వాడ, ఈతవనం

పటాన్‌చెరు చుట్టూ పరిశ్రమలు పెరగడానికి పలు కారణాలు కలిసివచ్చాయి. 1960లలో రామచంద్రాపురంలో భెల్, బాలానగర్‌లో సోవియట్ సహకారంతో ఐడీపీఎల్ వచ్చాయి. 1970 పేటెంట్ల చట్టం మందుల విషయంలో తుది ఉత్పత్తికి కాక తయారీ ప్రక్రియకే పేటెంటు ఇవ్వడంవల్ల, ఐడీపీఎల్‌లో పనిచేసిన రసాయన నిపుణులు సొంత సంస్థలు నెలకొల్పే అవకాశం దొరికింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఏర్పడింది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికైన తరువాత ఈ ప్రాంతంమీద ప్రభుత్వ దృష్టి మరింత పెరిగింది.

ఈ పరిశ్రమ దేశానికి చవకగా మందులిచ్చింది. ప్రాంతానికి ఇచ్చినదాంట్లో నక్కవాగు కాలుష్యం కూడా ఉంది. వాగు నీరు మంజీరకు చేరుతుంది. 1990లో ఈ కాలుష్యంమీద సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం వచ్చింది. ఆ కేంద్రం నుంచి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం 2007లో ప్రకటించడం ప్రపంచమంతటా చర్చకు దారితీసింది. మందు మోతాదు దాటి వాగులో చేరితే ఏమవుతుందో ఆ వాక్యం లోకానికి చెప్పింది.

వాగులో కలిసిన మందును శాస్త్రజ్ఞులు కొలిచారు, న్యాయస్థానాలు విచారించాయి. సీసాలో కలిసిన మందుకు అంతటి పరిశీలన దక్కలేదు. ఒకవైపు పారిశ్రామిక వాడ భూమిని ఆక్రమించి ఈతవనాలను తగ్గించింది. మరొకవైపు దేశం నలుమూలలనుంచి వచ్చిన కూలీలతో మత్తుపానీయానికి గిరాకీ పెంచింది. చెట్టు తగ్గి, తాగేవారు పెరిగిన చోట కల్తీ పెరగడం ఆశ్చర్యం కాదు.

6. మందు మారింది, బాధ మారలేదు

క్లోరల్ హైడ్రేట్‌ను పసిగట్టడం కష్టం కాదు. పిరిడీను, క్షారంతో ఎర్రరంగునిచ్చే ఫుజివారా పరీక్ష ట్రైక్లోరో సమ్మేళనాల ఉనికిని తెలుపుతుంది. ఎక్సైజ్ దాడులు పెరిగేకొద్దీ కల్తీదారులు బెంజోడయాజిపీన్ జాతి మందులవైపు మళ్లారు. 1963లో మార్కెట్టులోకి వచ్చిన డయాజిపాం, 1981లో అమెరికాలో అనుమతి పొందిన అల్ప్రజోలం ఆ జాతివి. గ్రాములలో అవసరమయ్యే క్లోరల్ స్థానంలో మిల్లీగ్రాములలో పనిచేసే మందు వచ్చింది. రవాణా, దాపరికం సులువయ్యాయి. ఈ రెండు మందులూ 1985నాటి మాదకద్రవ్యాల చట్టం షెడ్యూలులో ఉన్నాయి. క్లోరల్ హైడ్రేట్ ఆ షెడ్యూలులో లేదు. శిక్ష కఠినమైనా వ్యాపారం ఆగలేదు. సంగారెడ్డి జిల్లాలో రహస్యంగా అల్ప్రజోలం తయారుచేస్తున్న కేంద్రాలను పోలీసులు, మాదకద్రవ్యాల నిరోధక విభాగం ఇటీవలి సంవత్సరాలలో పలుమార్లు పట్టుకొన్నాయి. దేశానికి మందులిచ్చిన రసాయన నైపుణ్యంలోని ఒక చిన్న పాయ ఇలా దారితప్పింది. దీన్నిబట్టి పరిశ్రమ మొత్తాన్ని దోషిగా చూడటం న్యాయం కాదు. ఆ నైపుణ్యం, ముడిపదార్థాలు, ఖాళీ షెడ్లు ఒకేచోట దొరకడం మాత్రం కాదనలేని నేపథ్యం.

ఈ మార్పులో మారనిది తాగేవాడి బాధ. కల్లులో ఏముందో అతనికి తెలియదు. అది దొరకని రోజున చేతులు వణకుతాయి, నిద్ర పట్టదు, లేనివి కనిపిస్తాయి, మూర్ఛ వస్తుంది. 2015లో కల్తీ కల్లుమీద దాడులు ముమ్మరమైనప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాలనుంచి ఈ లక్షణాలతో పెద్దసంఖ్యలో ప్రజలు ఆసుపత్రులకు, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి చేరారు. మరణాలు కూడా సంభవించాయి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. మొదటి ఘటనలో కల్లు అందకపోవడం, రెండవ ఘటనలో అందడం ప్రమాదమైంది. రెండింటికీ మూలం ఒకటే: సీసాలో ఉన్నదేమిటో తాగేవాడికి తెలియకపోవడం.

ఐరోపా వైద్యులు 19వ శతాబ్దిలోనే గుర్తించిన ఉపసంహరణ లక్షణాలు ఇక్కడ ‘పిచ్చి’గా, ‘గాలి సోకడం’గా, ‘కల్లు పిచ్చి’గా అర్థమయ్యాయి. ఆబ్కారీ శాఖ దగ్గర నమూనాల నివేదికలు, ఆసుపత్రి దగ్గర రోగుల వివరాలు, కర్మాగారం దగ్గర రసాయన జ్ఞానం ఉన్నాయి. ఈ మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకొని తాగేవాడి ఇంటికి చేరలేదు. దాడికి ముందు వైద్యశిబిరం ఏర్పాటు చేయడం, మత్తును అంచెలంచెలుగా తగ్గించే చికిత్సను ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో అందించడం వంటి చర్యలు ప్రాణాలకు సంబంధించినవి. సరఫరాను ఒక్కసారిగా ఆపడం చట్టం దృష్టిలో విజయం. శరీరం దృష్టిలో అది మరో ప్రమాదం.

7. మాటల సాక్ష్యం

రికార్డులు లేని చోట మాటలు సాక్ష్యమవుతాయి. తెలంగాణ వాడుకలో కల్లుకు ముందు చేరిన విశేషణాలను గమనిస్తే ఈ చరిత్రక్రమం కనిపిస్తుంది. ఒకప్పుడు భేదం చెట్టునుబట్టి ఉండేది: ఈత కల్లు, తాటి కల్లు. తరువాత ‘చెట్టు కల్లు’, ‘మందు కల్లు’ అనే జంట వచ్చింది. కల్లు చెట్టునుంచే వస్తుందనే నమ్మకం ఉన్నంతకాలం ‘చెట్టు కల్లు’ అనే మాట పునరుక్తి. చెట్టునుంచి రాని కల్లు ఒకటుందని తెలిసిన తరువాతనే ఆ విశేషణం అవసరమైంది. రసాయన నివేదికకన్నా ముందే జనం ఈ తేడాను మాటల్లో నమోదు చేశారు.

పత్రికాభాషలో మరో రకం సాక్ష్యం దొరుకుతుంది. క్లోరల్ హైడ్రేట్ ‘క్లోరోహైడ్రేట్’గా, డయాజిపాం ‘డైజోఫాం’గా అచ్చవుతుంటాయి. జనవ్యవహారంలో క్లోరల్, క్లోరోఫాంల మధ్య భేదం చెరిగిపోయి కల్తీ కల్లును ‘క్లోరోఫాం కల్లు’ అనడమూ ఉంది. ఇది ఉచ్చారణ లోపం మాత్రమే కాదు. పదార్థం పేరు సరిగా అందనిచోట దాని ప్రమాదం గురించిన సమాచారం కూడా సరిగా అందదు. వైద్యుడికి రోగి ఏం తాగాడో చెప్పే మాట తప్పైతే చికిత్సకూ అడ్డంకి ఏర్పడుతుంది.

‘మత్తు’ అనే మాటదీ ఇదే స్థితి. శస్త్రచికిత్స గదిలో ఇచ్చేది మత్తు ఇంజెక్షను, ఇచ్చేవాడు మత్తు డాక్టరు. దుకాణంలో దొరికేదీ మత్తే. నిషా, కైపు అనే మాటలు ఆనందచ్ఛాయను కలిగి ఉంటే, మత్తు అనే మాట ఆనందానికీ స్పృహలేమికీ మధ్య నిలుస్తుంది. క్లోరల్ హైడ్రేట్ సరిగ్గా ఆ మధ్యలోనే పనిచేస్తుంది. ‘మందు’, ‘మత్తు’ అనే మాటల విస్తృతి సామాన్యుడికి వాడుక సౌలభ్యం. చరిత్రకారుడికి, వైద్యుడికి మాత్రం ప్రతిసారీ ‘ఏ మందు?’ అని అడగవలసిన బాధ్యతను గుర్తుచేస్తుంది.

8. ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన విషయాలు ఇవి:

1. క్లోరల్ హైడ్రేట్‌ను ఔషధంగా మార్చిన ధర్మాలే దాన్ని కల్తీపదార్థంగానూ మార్చాయి. రసాయన ధర్మం ఒకటే. వాడినవారి ఉద్దేశం, పర్యవేక్షణ వేరు.

2. ఔషధం, పురుగుమందు, మద్యం అనే ‘మందు’ మూడర్థాలకూ ఈ సమ్మేళనం చరిత్రలో ఆధారాలున్నాయి. మొదటి రెండింటికీ హైదరాబాదు, పరిసర ప్రాంతాల వైద్యచరిత్రతో సంబంధం ఉంది. మూడవది సంగారెడ్డి, పటాన్‌చెరు వంటి పారిశ్రామిక ప్రాంతాల సామాజిక మార్పుతో ముడిపడింది.

3. కల్తీ కల్లుకు మూలం గీత వృత్తి కాదు. చెట్టు పరిమితికి, మార్కెట్టు కోరికకు మధ్య పెరిగిన ఖాళీ దానికి కారణం. కల్తీవల్ల తాగేవాడు ఆరోగ్యాన్ని, నిజాయితీగా చెట్టు గీసే గౌడు గౌరవాన్ని కోల్పోతున్నారు. ఇద్దరూ బాధితులే.

4. ఒక మందును నిషేధిస్తే దాని స్థానంలో మరొకటి వచ్చింది. వ్యసనానికి చికిత్సను, చెట్ల పెంపకాన్ని, సీసాలో ఉన్నదేమిటో తెలుసుకొనే హక్కును పక్కనపెట్టి దాడులమీద మాత్రమే ఆధారపడటం సమస్యను ఒక అణువునుంచి మరో అణువుకు బదిలీ చేసింది.

5. ‘చెట్టు కల్లు’, ‘మందు కల్లు’, ‘క్లోరోఫాం కల్లు’ వంటి ప్రజాపదజాలం ఈ చరిత్రకు విలువైన ఆధారం. గీత వృత్తి పదకోశాన్ని సేకరిస్తున్న పరిశోధకులు ఈ కొత్త పదాలను కూడా, అవి పుట్టిన కాలాన్నీ సందర్భాన్నీ గుర్తిస్తూ నమోదు చేస్తే, ఆబ్కారీ దస్త్రాలలో కనిపించని జీవితాలు తెలుగు సామాజిక చరిత్రలో చోటు పొందుతాయి.